గుమాస్తా వేషము: ఛార్లెస్ లేన్ నటజీవితము

మన నాటకశాస్త్రజ్ఞులు ఇతివృత్తమును ఆధికారికమనియు ప్రాసంగికమనియు రెండుగా విభజించి, ప్రాసంగికములో దూరము సాగునది పతాక యనియు, కొంచెము నడచి నిలిచిపోవునది ప్రకరి యనియు నామకరణము చేసిరి. రామకథలో సుగ్రీవుని వృత్తాంతము పతాక, శబరి వృత్తాంతము ప్రకరి. ప్రకరికి స్వకీయమైన ఫలము లేదు. నాయకుని కార్యమునకు ఒకింత తోడ్పడి అది తప్పుకొనును. ఇట్టి ప్రకరులనే జీవనోపాధిగా చేసికొని, నాయికను వరింపక, ప్రతినాయకుడై నిహతుడును గాక, సుమారు 250 చలనచిత్రములలోను, అంతకు మించిన సంఖ్యలో టెలివిజన్ కథలలోను కనుపించి, 102 ఏండ్లు జీవించిన అమెరికా నటుడొకడు కలడు. ఆతడు ఛార్లెస్ లేన్. పేరు చెప్పినచో ఆ దేశస్థులలో పలువురు ఎరుగమందురు. ముఖము చూపినచో ఒక తరమువారిలో గుర్తింపనివారు అరుదు. క్యారెక్టర్ యాక్టరు అనబడు ఆ వృత్తి ఎవరి అక్కరకు పుట్టినదో, ఆ అక్కర మారినప్పుడు దానికేమి గతి పట్టినదో తెలిసికొనగోరువారికి లేన్ చరిత్రమును మించిన ఆధారము దొరకదు.

లేన్ 1905 జనవరి 26న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. ఇంటివారు పెట్టిన పేరు ఛార్లెస్ లెవిసన్. మరుసటి యేడు ఏప్రిల్ 18న ఆ నగరమును నేలమట్టము చేసిన భూకంపమునుండి బ్రదికి బయటపడిన కుటుంబములలో వారిదొకటి. తండ్రి బీమా వ్యాపారమున నుండుటచే కుమారుడును కొంతకాలము బీమా పాలసీలమ్ముచు గడపెను. కాని రంగస్థలముపై ఆసక్తి ఆతనిని విడువలేదు. నటుడును దర్శకుడును అగు ఇర్వింగ్ పిచెల్ ప్రోత్సహింపగా, 1920ల చివర లాస్ ఏంజిలీస్ చెంతనున్న పసడీనా ప్లేహౌస్‌లో చేరెను. 1917లో గిల్మర్ బ్రౌన్ నెలకొల్పిన ఆ నాటకసంస్థ, చలనచిత్రములకు మాట వచ్చిన పిదప, హాలీవుడ్డునకు సంభాషణ పలుకగల నటులను అందించు పాఠశాలయై వెలసెను. 1927 వరకు తెరకు ముఖము చాలెను. ఆ పిమ్మట గొంతు కావలసివచ్చెను. ఒక్క వాక్యమును తడబడక, కూడబలుకక, వినువారికి తెలియునట్లు వేగముగా విసరగల గొంతు లేన్‌కు ఉండెను. 1931లో వార్నర్ బ్రదర్స్ వారి ‘స్మార్ట్ మనీ’ చిత్రమున, ఎడ్వర్డ్ జి. రాబిన్సన్, జేమ్స్ కాగ్నీ వంటి ప్రసిద్ధుల నడుమ, ఆతడొక హోటలు గుమాస్తాగా తొలిసారి తెరపై నిలిచెను. నటుల జాబితాలో ఆతని పేరు లేదు. ఆ గుమాస్తా బల్ల వెనుకనుండి ఆతడు మరి అరువది యేండ్లు లేవలేదన్నను పెద్ద యతిశయోక్తి కాదు.

ఆనాటి హాలీవుడ్ ఏర్పాటు నెరిగినగాని ఈ సంగతి బోధపడదు. 1930లలో అమెరికాలో ఏటా సుమారు 500 కథాచిత్రములు తయారగుచుండెను. చిత్రములు తీయుట, పంచుట, ప్రదర్శించుట యను మూడు పనులును ఎం.జి.ఎం., పారమౌంట్, వార్నర్ బ్రదర్స్, ఫాక్స్, ఆర్.కె.ఓ. అను ఐదు పెద్ద కంపెనీల చేతిలో నుండుటచే, వారి సినిమాహాళ్లకు ఎడతెగక క్రొత్త బొమ్మలు కావలసియుండెను. గంటకు పైబడి పది నిమిషములలో ముగియవలసిన చిన్న చిత్రమున, తలుపు తెరచికొని వచ్చిన ప్రతివాని స్వభావమును వివరించుచు కూర్చున్నచో కథ నడువదు. తలుపు తెరచుకొనగనే వచ్చినవాడెవడో, ఏ పనికి వచ్చినాడో, ఎట్టి బుద్ధి కలవాడో ప్రేక్షకునికి ముఖము చూచినంతనే తెలియవలెను. అందుచే స్టూడియోలు కొన్ని ముఖములను కొన్ని స్వభావములకు గుర్తులుగా స్థిరపరచుకొనెను. కంగారుపడు స్నేహితుడు కావలసినచో ఎడ్వర్డ్ ఎవరెట్ హార్టన్, చీటికిమాటికి నొచ్చుకొను హోటలు మేనేజరు కావలసినచో ఫ్రాంక్లిన్ పాంగ్‌బార్న్, గరగరలాడు గొంతుగల స్థూలకాయుడగు ధనికుడు కావలసినచో యూజీన్ పాలెట్ సిద్ధముగా నుండిరి. బ్యూలా బాండీ యను నటి జేమ్స్ స్టూయర్ట్‌కు నాలుగు చిత్రములలో తల్లిగా నటించెను.

ఈ శ్రేణిలో లేన్‌కు లభించిన స్థానము చిరాకు గుమాస్తాది. బక్కపలుచని దేహము, కోసుగా దిగిన ముక్కు, కండ్లద్దములు, బిగబట్టిన పెదవులు, ఎదుటివాని మాట పూర్తికాకమునుపే ముగింపును కోరునట్లు తోచు చూపు: ఇవి ఆతని సాధనసామగ్రి. వేషమునకు ఆతనికి కావలసినదెల్ల ఒక టోపీ, ఒక చేతిసంచి, ఒక కాగితము. 1933లో ఒక్క సంవత్సరమున ఆతడు 23 చిత్రములలో కనుపించెను. రోజుకు 35 డాలర్ల కూలి. ఒకచోట రెండు మూడు వాక్యములు పలికి, దుస్తులు మార్చుకొని, వేరొక సెట్టునకు పరుగెత్తి, అక్కడ మరియొక వేషము కట్టిన దినములును కలవు. ఆ తొందరలో తానేయే చిత్రములలో నటించెనో ఆతనికే జ్ఞాపకముండక, వినోదార్థము సినిమాకు పోయి, తెరపై తన్ను తాను చూచుకొని ఆశ్చర్యపోయిన సందర్భములుండెనని చెప్పుదురు. 1934లో హోవర్డ్ హాక్స్ తీసిన ‘ట్వెంటియత్ సెంచరీ’లో ఆతనికొక గణనీయమైన పాత్ర దొరకినప్పుడు సైతము తెరపై పడిన పేరు లెవిసన్ అనియే, లేన్ అను చిన్నపేరు ఆ తరువాత స్థిరపడెను.

అయినను స్టూడియోల తొందర యొక్కటే యీ గుమాస్తాను సృష్టించినదనుట చాలదు. కాలము కూడ ఆతనిని కోరెను. 1929 అక్టోబరులో న్యూయార్కు షేరుబజారు కూలిన పిమ్మట, 1933 నాటికి ఆ దేశపు శ్రామికులలో నాలుగింట ఒకరికి పని లేకపోయెను. ఆ నడుమ వేలకొలది బ్యాంకులు మూతపడి, జనులు దాచుకొన్న సొమ్ము మంటగలిసెను. ఇల్లు పోయినవాడు తన యింటిని తీసికొన్న ధనికుని ఏనాడును కన్నులార చూచియుండలేదు. వానికి ఎదురుపడినవాడు బ్యాంకు కిటికీ వెనుకనున్న గుమాస్తా, అద్దె వసూలుకు వచ్చిన మనిషి, కోర్టు నోటీసు చేతబట్టిన బంట్రోతు. అధికారమునకు ఆ దినములలో జనులెరిగిన ముఖమదియే. దానికి క్రౌర్యము లేదు, దయయును లేదు. పనిమీద వచ్చినాను, త్వరగా తేల్చుడని మాత్రము తొందరచేయును. ఆ తొందరనే లేన్ తన నటనకు జీవముగా చేసికొనెను. ఆతని గుమాస్తా ఎన్నడును కేకలువేయడు, బెదరింపడు. ఎదుటివాని కష్టము వినుటకు తనకు తీరిక లేదన్నట్లు గడియారము వంక చూచును. కేకలువేయువానికంటె ప్రజలను ఎక్కువగా నొప్పించినవాడు ఈ తీరికలేని మనిషియే యని ఆతడు గ్రహించెను.

ఈ రహస్యమును బాగుగ కనిపెట్టిన దర్శకుడు ఫ్రాంక్ కాప్రా. ‘మిస్టర్ డీడ్స్ గోస్ టు టౌన్’ అను 1936 నాటి చిత్రమున, అమాయకుడైన వారసుని ఆస్తికి దొంగ దావా తెచ్చు వకీలుగాను, 1939 నాటి ‘మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్’లో పత్రికావిలేఖరిగాను కాప్రా ఆతనిని వినియోగించెను. ఆ రెంటి నడుమ 1938లో వచ్చి ఆ యేటి ఉత్తమచిత్రముగా అకాడమీ బహుమానమందిన ‘యు కాంట్ టేక్ ఇట్ విత్ యు’లో లేన్ ఆదాయపు పన్ను అధికారి. లయనెల్ బారిమోర్ ధరించిన వృద్ధుడు ఏండ్ల తరబడి పన్ను కట్టక, కట్టినచో తనకు దొరకు సరకేమో చెప్పుమని నెమ్మదిగా అడుగగా, ఈ అధికారి శాసనసభయనియు, సైన్యమనియు, నౌకాదళమనియు వరుసపెట్టి అప్పగించుచు క్రమక్రమముగా ఉడికిపోవును. హాస్యము వృద్ధుని ప్రశ్నలో సగమే యున్నది. తక్కిన సగము, ఏనాడును ఎవరును ప్రశ్నింపని విషయమును ప్రశ్నింపగా సమాధానము కొరకు తడుముకొను ఉద్యోగి ముఖముననున్నది.

కాప్రా చిత్రములలో కాలమునకు నిలిచిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ 1946లో వెలువడెను. బారిమోర్ ఇందు ధనపిశాచమగు పాటర్. లేన్ ఆతని అద్దె వసూళ్ల గుమాస్తా. ఆతని సన్నివేశము ఒకటి రెండు నిమిషములకు మించదు. జార్జి బెయిలీ యను యువకుడు నడుపు గృహనిర్మాణ సహకారసంస్థవలన, పాటర్ గుడిసెలలో అద్దెకున్నవారు ఒక్కొక్కరుగా స్వంత ఇండ్లకు పోవుచున్నారని, ఒకప్పుడు ఖాళీగా పడియున్న నేలపై నేడు చక్కని యిండ్లు వెలసినవని, వాటి విలువ కట్టిన ఖర్చునకు రెట్టింపైనదని, ఇట్లే సాగినచో ఏదో యొకనాడు తానే పోయి బెయిలీని ఉద్యోగమడుగవలసి వచ్చునని ఆ గుమాస్తా యజమాని ముఖముననే చెప్పును. యజమానిని సంతోషపెట్టవలెనను చింతగాని, బెయిలీపై అభిమానముగాని ఆతనికి లేవు. లెక్కలు చూచినాడు, చెప్పినాడు. పాటర్ సభలో సత్యము పలికినవాడు ఈ జీతగాడొక్కడే యగుట గమనింపదగినది. ముప్పది రెండు దంతముల నడుమ నాలుకవలె మెలగు గుమాస్తా స్థితిని ఇంత స్వల్పకాలమున, ఇంత నిర్వికారముగా చూపిన నటన అరుదు. కథ బిగువు తప్పునేమోయని తోచినప్పుడెల్ల తాను ఊతకఱ్ఱగా ఆనుకొనినవారిలో ప్రథముడు నీవేయని కాప్రా లేన్‌కు ఒక లేఖ వ్రాసెను. ఆ లేఖను లేన్ కడదాక పదిలపరచుకొనెను.

తెరపై యజమానుల లెక్కలు చూచిన ఈ మనిషి తెర వెలుపల రోజుకూలివాడు. 1933 మార్చిలో దేశమంతట బ్యాంకులు మూసివేయబడినప్పుడు, స్టూడియోలు తమ నటుల జీతములను తాత్కాలికముగా సగమునకు తగ్గించెను. పని గంటలకు హద్దు లేదు; భోజనవేళకు నియమము లేదు. ప్రసిద్ధనటుడు తన ఒడంబడిక తాను చూచుకొనగలడు. మూడు వాక్యముల వేషధారికి అడుగు దిక్కు లేదు. ఆ యేడు జూన్ మాసాంతమున స్థాపితమైన స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ తొలినాటి సభ్యులలో లేన్ ఒకడు. సంఘమున చేరినవానికి మరల పిలుపు రాకుండ చేయగల శక్తి యజమానులకు ఉన్న దినములవి. దినదినము పిలుపునకు ఎదురుచూచు చిన్ననటునికి అది సామాన్యమైన సాహసము కాదు. నిర్మాతలు ఆ సంఘమును గుర్తించుటకు 1937 మే వరకు నాలుగేండ్లు పట్టెను.

చిన్నవేషముల వారికి గౌరవమును ఈ కాలముననే, కొంచెము కొంచెముగా, లభించెను. 1936 చిత్రములకు తొలిసారి సహాయపాత్రలకు అకాడమీ బహుమానములేర్పడగా వాల్టర్ బ్రెన్నన్, గేల్ సొండర్‌గార్డ్ వాటినందుకొనిరి. అయినను నాయికానాయకులకు పూర్తి ప్రతిమ నొసగుచు వీరికి ఫలకము నిచ్చు ఆచారము ఏడేండ్లు సాగెను. 1939లో థామస్ మిచెల్ ‘స్టేజ్‌కోచ్’, ‘గాన్ విత్ ద విండ్’, ‘మిస్టర్ స్మిత్’తో కూడ ఐదు గొప్ప చిత్రములలో నటించి, స్టేజ్‌కోచ్‌లోని త్రాగుబోతు వైద్యుని పాత్రకు ఆ బహుమానమును గెలుచుకొనెను.

ముఖమునకు స్వభావమును కట్టివేయు ఈ పద్ధతి అందరికి సమానమైన బంధము కాదను మాట యిచ్చట చెప్పవలసియున్నది. ‘గాన్ విత్ ద విండ్’లో దాదిగా నటించిన హాటీ మెక్‌డానియల్, 1940 ఫిబ్రవరి 29న అకాడమీ బహుమానమందిన ప్రథమ నల్లజాతి వ్యక్తి యయ్యెను, ఆ రాత్రి ఆమెను తక్కిన నటులతో గాక, ప్రక్కగా వేసిన వేరొక బల్లయొద్ద కూర్చుండబెట్టిరి. లేన్‌కు బ్యాంకు గుమాస్తా, వకీలు, విలేఖరి, మందులషాపు యజమాని, న్యాయాధిపతి యను వేషములన్నియు తెరచియుండెను. ఆమెకు పనికత్తె వేషము దాటి దారి దొరకుట దుర్లభమయ్యెను. లేన్ తన మూసను విసుగుకొనెను. ఒక పాత్రను బాగుగ చేసినంతనే అదే పాత్రను మరల మరల అంటగట్టుదురని ముదిమిలో సైతము ఆతడు పరుషముగానే ఆక్షేపించెను. ఆ యాక్షేపణ న్యాయమైనదే. కాని ఆ మూసలో ఆతనికి కదలుటకు చోటు మిగిలెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున లేన్ తీరరక్షకదళమున కొలువుచేసి వచ్చెను. తిరిగివచ్చిన కొలదికాలమునకే ఆతనిని పెంచిన ఏర్పాటు బీటలువారెను. 1948 మే మాసమున అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ దావాలో ఇచ్చిన తీర్పుచే చిత్రనిర్మాణకంపెనీలు తమ సినిమాహాళ్లను వదలుకొనవలసి వచ్చెను. హాళ్లు పోగా ఎడతెగని ఉత్పత్తి యవసరము పోయెను. అది పోగా వందలకొలది ముఖములను పోషించు శక్తియు తగ్గెను. అదే తరుణమున ఇంటింట టెలివిజన్ వెలసెను. 1950లో పదింట ఒక యింటనైన లేని ఆ పెట్టె, 1960 నాటికి పదింట తొమ్మిదిండ్లకు సమీపించెను. వారము వారము ఒక కథను అరగంటలో ముగింపవలసిన ఈ క్రొత్త యంత్రమునకు, ముఖము చూచినంతనే తెలియు మనుష్యులు మునుపటి చిన్న చిత్రములకంటెను అవసరమైరి. ఇట్లు మూతపడుచున్న దుకాణపు పనివారు ఎదురుగా తెరచిన దుకాణమునకు దాటిరి.

లేన్‌కు ఈ దాటుడు సుగమము చేసినది లూసిల్ బాల్. 1930లలో ఆర్.కె.ఓ. స్టూడియోలో చిన్నవేషములు వేయుచున్న దినములనుండి వారికి స్నేహము. ఆమె ‘ఐ లవ్ లూసీ’ ధారావాహికలో, నాయికకు బిడ్డ కలుగు ఘట్టము 1953 జనవరి 19న ప్రసారమయ్యెను. నాలుగు కోట్ల నలుబది లక్షలమంది దానిని చూచిరని లెక్క. మరునాడు ఐసెన్‌హోవర్ అధ్యక్షపదవీ ప్రమాణమును టెలివిజన్‌లో చూచినవారు అంతకంటె తక్కువ. ఆ ఘట్టమున ఆస్పత్రి వసారాలో ఆరుగురు ఆడపిల్లల తండ్రి యొకడు తిరిగి కాన్పుకై వేచియుండును, ఆతడే లేన్. దేశమంతయు నాయికకొరకు కాచుకొనియున్న రాత్రి ప్రక్క కుర్చీలోనున్న ఈ ప్రకరి సైతము అందరి కంటబడెను. 1957లో లూసిల్ బాల్, ఆమె భర్త కలిసి నడిపిన డెసిలూ సంస్థ ఆ ఆర్.కె.ఓ. స్టూడియోలనే కొనివేసెను. పెద్దకంపెనీ యొకటి కుప్పకూలగా, దాని కూలినటి దాని నేలకు యజమానురాలగుట ఆ దశాబ్దపు మార్పునకు నిదర్శనము. ఆమె తరువాతి ధారావాహిక ‘ద లూసీ షో’లో, 1962–63 నడుమ, లేన్ బ్యాంకరు బార్న్స్‌డాల్.

ఆతనికి తుదకొక స్థిరమైన నామధేయమును తెచ్చినది 1963లో ప్రారంభమైన ‘పెట్టికోట్ జంక్షన్’. హూటర్‌విల్ అను కల్పిత గ్రామమునకు రాకపోకలు సాగించు పాత రైలుబండి యొకటి, ప్రధానమార్గముతో సంబంధము తెగిపోయి, ఎవరి లెక్కలకును అందక, ఊరివారి యిష్టానుసారము నడచుచుండును. ఆ బండిని రద్దుచేయవలెనను పట్టుదలతో మరల మరల వచ్చి, మరల మరల భంగపడి పోవు రైల్వేకంపెనీ అధికారి హోమర్ బెడ్లో పాత్రను లేన్ 1968 వరకు ధరించెను. మోటారు కార్లు, విమానములు పెరిగి, అమెరికాలో ప్రయాణికుల రైళ్లు సంవత్సరమునకు సంవత్సరము రద్దగుచున్న దినములవి. వాస్తవమున గెలుచుచున్నవాడు బెడ్లోయే. 1971 నాటికి మిగిలిన దూరపు రైళ్లలో పెక్కింటిని ఆమ్‌ట్రాక్ అను ప్రభుత్వ సంస్థ స్వీకరింపవలసి వచ్చెను. తమ ఊరి స్టేషను మూతపడుట చూచిన ప్రేక్షకులు, తెరపైనైనను లెక్కల మనిషి ఓడిపోవుట చూచి సంతసించిరి. 1930లలో అద్దె వసూలు చేసిన గుమాస్తాయే 1960లలో రైలును రద్దుచేయ వచ్చెను. చేతిసంచి మారలేదు, లోపలి కాగితము మాత్రము మారెను.

ఈ వృత్తి ఆర్థికచరిత్రలో ఒక విషయము మరువరానిది. టెలివిజన్ పాత చిత్రములను తిరిగి తిరిగి ప్రసారము చేయసాగగా, వాటిలోని నటులకు అందులో పాలెంత యను తగవు పుట్టెను. 1960లో మార్చి 7న ప్రారంభమైన నటుల సమ్మె ఏప్రిల్‌లో ముగియునప్పుడు కుదిరిన ఒడంబడికలో, ఆనాటినుండి తీయు చిత్రముల పునఃప్రసారమునకు నటులకు వాటా నిచ్చుటకును, 1948కిని 1960కిని నడిమి చిత్రములకు బదులుగా పింఛనునకు, ఆరోగ్యరక్షణకు ఒక నిధి నొసగుటకును నిర్మాతలు సమ్మతించిరి. 1948కి పూర్వపు చిత్రములకు ఏమియు లేదు. తరువాత 1974లో కాపీహక్కును తిరిగి నమోదు చేయకపోవుటచే, ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ను ఏ టెలివిజన్ కేంద్రమైనను స్వేచ్ఛగా ప్రసారము చేయుటకు వీలు కలిగి, అది క్రిస్మసు దినములలో ప్రతి యింటను కనుపింపసాగెను. పాటర్ అద్దెల లెక్క చెప్పు ఆ గుమాస్తాను కోట్లమంది ఏటేట చూచిరి. ఆ చూపులు 1960 ఒడంబడిక లెక్కలోనికి రావు.

లేన్ 1970లలో ‘సోప్’ అను హాస్యధారావాహికలో న్యాయాధిపతిగాను, 1985లో ‘మర్ఫీస్ రొమాన్స్’ చిత్రమునను నటించి, తొంబదవ యేట కూడ టెలివిజన్ చిత్రమున కనుపించెను. 1931లో పరిణయమైన రూత్ కోవెల్‌తో ఆతని దాంపత్యము 2002లో ఆమె మరణించువరకు సాగెను. 2005లో నూరేండ్లు నిండగా, తాను తొలినాళ్లలో చేరిన నటుల సంఘము జనవరి 30ని ఛార్లెస్ లేన్ దినముగా ప్రకటించెను. ఆ యేడే ఒక టెలివిజన్ సంస్థ జరిపిన సన్మానసభలో, ఎవరికైన అక్కరయున్నచో తాను వేషమునకు నేటికిని సిద్ధముగనే యున్నానని చెప్పి సభికులను నవ్వించెను. 2007 జూలై 9న మరణించెను.

ఆ మాట హాస్యమునకే పలికినను అందులో ఆ వృత్తి ధర్మమంతయు కలదు. నాయకుడు తన కథకొరకు కాచుకొనవచ్చును. క్యారెక్టర్ యాక్టరు పిలుపునకు కాచుకొనును, వచ్చిన రెండు నిమిషములలో ఆ కథయందలి లోకము నిజమైనదని ప్రేక్షకుని నమ్మింపవలెను. బెయిలీ త్యాగము గొప్పదని మనకు చెప్పినవారు పలువురు. ఆ త్యాగమువలన ఎన్ని యిండ్లు లేచినవో, వాటి విలువ ఎంతయైనదో లెక్కకట్టి చెప్పినవాడు అద్దెల గుమాస్తా. ఆ లెక్క లేనిచో నాయకుని మంచితనము ఉపన్యాసముగనే మిగిలియుండెడిది. లేన్ వంటివారికి రోజుకు 35 డాలర్లిచ్చి స్టూడియోలు కొనినది ఒక ముఖమును మాత్రమే కాదు. తమ కల్పనలకు కావలసిన ఋజువును కూడ అంత చౌకగనే కొనుకొనెను.